సెజెస్టా రాయి ఎలా మోగింది

అల్ఫారెట్టా, జార్జియా
14 మే 2024

నా తల్లి దేదీప్యకు, నాన్న పరంధామయ్య సంతోషం పట్టలేక రాస్తున్న ఉత్తరం.

నువ్వూ నీ స్నేహితురాళ్ళు నిధి, అనుష్కా ఇటలీలో సిసిలీ ద్వీపంలో క్షేమంగా దిగారని, సెజెస్టాలోని పాత గ్రీకు గుడి చూడబోతున్నారని చదివి నా గుండె నిండిపోయింది. ఫోన్‌లో మాట్లాడితే నాకు వినపడేది పావు, ఊహించుకునేది ముప్పావు. అందుకని ఎప్పటిలాగే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుకుందాం. కాగితమైతే ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు. నీ ఉత్తరం పక్కింటి కృష్ణమోహన్ గారికి చదివి వినిపించాను. నా గొంతు నాకు తెలియదు కదా, కాస్త గట్టిగా చదివినట్టున్నాను. "పరంధామయ్యగారూ, మెల్లగానండీ, మా లాన్‌లో కుందేళ్ళు పక్క కౌంటీకి పారిపోతున్నాయి" అన్నాడాయన. పెదాలు చూసి సగం, చేతులు చూసి సగం అర్థం చేసుకుని నవ్వాను. ఈసారి కుందేళ్ళు నిజంగానే పోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. నీ పెట్టె అడుగున వెతుకు. నా ఊలు మేజోడులో చుట్టి నా చిన్న సుత్తి పెట్టాను. ముందే చెబితే వద్దంటావని చెప్పలేదు. ఆళ్ళగడ్డలో నలభై ఏళ్ళు దేవుళ్ళను చెక్కిన సుత్తి అది. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, గ్రీకువాళ్ళంటే ఎవరో నిన్న కృష్ణమోహన్ గారు చెప్తేనే తెలిసింది. అయితే ఏం? రెండువేల నాలుగొందల ఏళ్ళ కిందట అక్కడ ఎండలో కూర్చుని రాయి కొట్టినవాడు నాకు చుట్టం కాకుండా పోతాడా?

నువ్వు చేయవలసింది ఒకటే. ఆ గుడి స్తంభాన్ని సుత్తితో మెల్లగా ఒక్కసారి తట్టి, ఎలా మోగిందో రాయి. నా చెవులు పోయాక, నీ పన్నెండో ఏటి నుంచీ మనం చేసిన పనే కదా. క్వారీలో నేను కొట్టేవాణ్ణి, నువ్వు విని చెప్పేదానివి. గంటలా మోగితే పురుషశిల, దేవుడికి. తాళంలా మోగితే స్త్రీశిల, అమ్మవారికి. మోగకుండా టక్కుమంటే గుడిమెట్లకు. "కొట్టాను, చెప్పమ్మా" అంటే చాలు, ఎండనక వాననక చెప్పేదానివి. నా చెవులు నీ దగ్గరే ఉన్నాయి తల్లీ. అవి గ్రీకు గుడికి వెళ్తున్నాయంటే నేను వెళ్ళినట్టే!

ఇంట్లో నాకేం లోటు లేదు. పక్కింటి నుంచి ఉషమ్మ నిన్న గోంగూర పంపింది. నువ్వు ఇరవయ్యో తేదీన రాగానే అన్నీ కూర్చుని చెప్పుకుందాం.

నీ మీద ప్రాణాలన్నీ పెట్టుకున్న
నాన్న

*

సెజెస్టా, సిసిలీ
18 మే

నాన్నకు,

సుత్తి దొరికింది. మేజోడు కూడా. ఎయిర్‌పోర్ట్‌లో పెట్టె తెరవమనలేదు కాబట్టి బతికిపోయాను.

గుడి గురించి రాస్తాను. కొండ మీద ఒంటరిగా ఉంది, చుట్టూ ఊరు లేదు. ముప్పై ఆరు స్తంభాలు, అన్నీ నిలబడే ఉన్నాయి. పైన కప్పు లేదు, లోపల గర్భగుడి లేదు. గోడ కట్టిన గుర్తు కూడా లేదు. స్తంభాలకు నిలువు చారలు చెక్కలేదు, నున్నగా, లావుగా ఉన్నాయి. మెట్ల రాళ్ళకు అక్కడక్కడా పిడికిలంత బొడిపెలున్నాయి. బోర్డులో ఇది మధ్యలో ఆగిపోయిన గుడి అని రాశారు. యుద్ధం వచ్చి ఆగిందేమో అంటారు, ఖచ్చితంగా ఎవరికీ తెలియదట. నిధి ఆ మెట్ల పక్కన ఫోటోలు దిగుతూ "మా బేస్‌మెంట్ కూడా ఇలాగే నాలుగేళ్ళుగా ఆగిపోయిందే, దాన్ని చూడటానికి ఎవరూ టికెట్ కొనరు" అంది.

స్తంభాన్ని తట్టాను. కంచులా మోగింది నాన్నా.

ఒక మాట. నేను ఇరవైన రావడం లేదు. ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండాలి. నిధి, అనుష్క వెళ్ళిపోతున్నారు. నువ్వు కంగారు పడకు. బీపీ మాత్ర రాత్రిది కాదు, పొద్దున్నది నీలం డబ్బాలో ఉంది.

దేదీప్య

*

అల్ఫారెట్టా
19 మే

నా బంగారు తల్లికి,

కంచులా మోగింది! కంచులా! ఆ ఒక్క మాట పట్టుకుని ఇల్లంతా తిరిగాను. కృష్ణమోహన్ గారింటి బెల్లు కొట్టి చెప్పాను, కుక్కను తిప్పుతున్న ఎదురింటి తెల్లావిడకు కూడా చెప్పాను. ఆవిడ "వావ్" అంది, ఆ మాట నాకు పెదాల మీద బాగా తెలుస్తుంది.

ఆ బొడిపెలు ఏమిటో బోర్డులో రాశారా? రాసి ఉండరు, నేను చెప్తా విను. రాయి ఎత్తడానికి తాళ్ళు కట్టాలి కదా, తాడు జారకుండా ఆ బొడిపెలు వదిలిపెడతారు. రాయి దాని చోట కూర్చున్నాక, అంతా అయ్యాక, చిట్టచివర వాటిని చెక్కి నున్నగా చేస్తారు. స్తంభాల చారలూ అంతే, నిలబెట్టాకే చెక్కాలి, లేకపోతే అంచులు దెబ్బతింటాయి. అంటే మన చుట్టాలు రేపొచ్చి చెక్కుదామని సుత్తులు పక్కన పెట్టి వెళ్ళారు. ఆ రేపు రాలేదు. నాకు ఇక్కడ కూర్చున్నా వాళ్ళు కనపడుతున్నారమ్మా!

నువ్వు ఇంకా ఉంటానని రాశావు. ఎందుకో నాకు తెలియదనుకున్నావా? ఆ గుడిని వదిలి రాలేకపోతున్నావు. ఆఫీసులో రాత్రనక పగలనక కంప్యూటర్ ముందు కూర్చునే పిల్ల, రాయి ముందు కూర్చుంది! మీ అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో. ఉండు, కావలసినన్నాళ్ళు ఉండు. నాలుగు మూలల స్తంభాలూ తట్టి చూడు. మూలవి బరువెక్కువ మోస్తాయి, మోత తేడా ఉండాలి. ఒక్కొక్కదానికి విడిగా రాయి.

ఇక్కడ చిన్న తమాషా జరిగింది. నిన్న వెనక డెక్ మీదికి వెళ్ళానా, అద్దాల తలుపు నా వెనకే మూసుకుని గడియ పడింది. ఫోన్ లోపల. మూడు గంటలు కూర్చున్నాను. నీళ్ళు లేవనే గానీ, ఎంత గాలి, ఎన్ని పిట్టలు! ఉషమ్మ చూసి పరుగున వచ్చింది. "అరవచ్చు కదండీ" అంటుంది. అరిచానమ్మా, ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదంతే.

నీ చెవులకు మొక్కుతూ
నాన్న

*

సిసిలీ
25 మే

నాన్నకు,

డెక్ మీదికి వెళ్ళేటప్పుడు తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకో. ఫోన్ జేబులో ఉంచుకో. ఇది తమాషా కాదు.

మూల స్తంభాలు తట్టలేదు. దారి బాగుచేస్తున్నారు, కొండెక్కనివ్వడం లేదు. కొండ కింది ఊళ్ళో, ఒక బేకరీ మీది గదిలో ఉన్నాను. గదికి ఒకటే కిటికీ, అందులోంచి గుడి కనపడదు.

ఒక ఫోటో పంపుతున్నాను. ఒక రాతి పెచ్చు, బొటనవేలి గోరుకు రెండింతలుంటుంది. అది పాతగా విరిగిందా, కొత్తగా విరిగిందా నువ్వు చూసి చెప్పగలవా? ఊరికే, తెలుసుకుందామని.

దేదీప్య

*

అల్ఫారెట్టా
27 మే

నా తల్లీ,

చెప్పగలనా అని అడుగుతావా! నీ ఫోటో కృష్ణమోహన్ గారి పెద్ద టీవీలో పెట్టించుకుని, దగ్గరగా కుర్చీ లాక్కుని చూశాను. ముప్పై ఏళ్ళొచ్చాక నా కూతురికి రాతి మీద ఇష్టం పుట్టిందని ఆయనకు చెప్తుంటే నా కళ్ళు తడిశాయి.

చూడు. మూడు వైపులా అంచు బూడిద రంగులో ఉంది, సందుల్లో నాచు మరక ఎండి ఉంది. అది పాత పగులు, ఎన్ని వందల ఏళ్ళదో. నాలుగో వైపు మాత్రం బియ్యపు గింజ పొడుగున తెల్లగా, పంచదార పలుకులా మెరుస్తోంది. అది కొత్తది. పెచ్చు ఆ గింజంత ఆధారంతో వేలాడుతుంటే ఎవడో మొన్నీమధ్యే కొట్టి ఊడగొట్టాడు. వాడి చెయ్యి పడిపోను! వాణ్ణి కాదు, వాడి చేతికి సుత్తి ఇచ్చి పంపినవాణ్ణి అనాలి. అన్ని వందల ఏళ్ళు నిలబడిన రాతి దగ్గరికి పనివాణ్ణి పంపేటప్పుడు బుద్ధి చెప్పి పంపక్కర్లేదా?

కోపంతో రాస్తున్నా సంతోషంగానే ఉన్నాను తల్లీ. ఇలాంటివి ఇంకా పంపు. దారి బాగయ్యాక మూల స్తంభాలు మరిచిపోకు.

నాన్న

*

అల్ఫారెట్టా
30 మే

అమ్మా దేదీప్యా,

నిన్న సాయంత్రం నిధి వచ్చింది. నేను నీ ఫోటోలన్నీ చూపించి, మా అమ్మాయి సెజెస్టా వదిలి రానంటోంది అని గొప్పగా చెప్పుకుపోతుంటే, ఆ పిల్ల కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఏదో చెప్పింది, నాకు అందలేదు. మళ్ళీ అరిచి చెప్పింది. చివరికి కృష్ణమోహన్ గారు కిరాణా సంచీ చింపి, దాని మీద పెద్దక్షరాలతో రాసి నా ముందు పెట్టారు: "పాస్‌పోర్ట్ పోలీసుల దగ్గర ఉంది."

తరవాత ఒక్కొక్కటీ రాశారు. నువ్వు తాడు దాటి స్తంభం తట్టడం కాపలాదారు చూశాడు. నీ చేతిలో సుత్తి, నీ కాళ్ళ దగ్గర పెచ్చు. రాయి దొంగిలించడానికి వచ్చావనుకున్నారు. రోజూ స్టేషన్‌లో సంతకం పెడుతున్నావు. విచారణ జూన్ ఆరో తారీఖున. పదిహేడో తేదీకల్లా ఆఫీసుకు రాకపోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే వీసా పోతుంది. "తను మీకు చెప్పొద్దంది అంకుల్, మీరు అంత హ్యాపీగా ఉన్నారని" అంది నిధి.

మొన్న నేను తిట్టిందెవరిని? నా నోరు... పోనీలే.

ఏడుస్తూ కూర్చోలేదమ్మా, ఆలోచించాను. తెల్లవారేసరికి నాకు దారి దొరికింది. సంతోషంతో గబగబా రాస్తున్నాను, అక్షరాలు సరిగా లేకపోతే ఏమనుకోకు. పెచ్చు కింద బోలు ఉంటుంది. పెచ్చు మీద కొడితే రాయి పగిలిన కుండలా పలుకుతుంది, మోగదు. నువ్వు కొట్టినప్పుడు కంచులా మోగింది! అంటే నీ దెబ్బ పడింది గట్టి రాతి మీద. పెచ్చును నువ్వు తాకనే లేదు. ఎవడో ముందే ఊడగొట్టాడు, అది అక్కడే పడి ఉంది. నీ చెవే నీకు సాక్షి!

ఇదంతా శిల్పిగా నా పేరుతో, నలభై ఏళ్ళ అనుభవంతో, సుత్తి పెట్టింది కూడా నేనేనని రాసి సంతకం చేశాను. కృష్ణమోహన్ గారు ఇంగ్లిషులోకి మార్చారు. ఇందులో పెట్టాను. మీ లాయరుకు ఇవ్వు. నువ్వు వచ్చేస్తావు తల్లీ, వచ్చేస్తావు.

నాన్న

*

సిసిలీ
2 జూన్

నాన్నా,

నీ కాగితం లాయర్‌కి చూపించాను. "ఇది చాలు, ఇది బంగారం" అన్నాడు. నా దగ్గర్నుంచి తీసుకోబోయాడు. నేను ఇవ్వలేదు.

కంచులా మోగలేదు నాన్నా.

నువ్వు రాసినట్టే, పగిలిన కుండలా టక్కుమంది. పెచ్చు ఊడి నా చెప్పు మీద పడింది. అప్పుడే కాపలాదారు అరిచాడు. సాయంత్రం స్టేషన్ నుంచి గదికొచ్చి నీకు ఉత్తరం రాయబోతే, నువ్వు ఎదురుచూస్తూ కూర్చుని ఉంటావని గుర్తొచ్చింది. నీకు కావలసిన మాట ఏదో నాకు తెలుసు. అది రాశాను.

నువ్వు సంతోషించావు. అంత సంతోషించాక నిజం ఎలా రాయను? నువ్వు రాసిన ప్రతి ఉత్తరం తరవాతా ఇంకొంచెం కష్టమయ్యింది. ఇక్కడ పోలీసులు నా మీద కేకలేయరు, మర్యాదగానే ఉంటారు. సంతకం పెట్టి, మెట్లెక్కి, ఆ గదిలో కూర్చుని నీ ఉత్తరం తెరిచేటప్పుడే నాకు ఊపిరాడదు. మూల స్తంభాలు తట్టు, ఇంకా పంపు, ఒక్కొక్కటీ విడిగా రాయి. నువ్వు కొట్టమంటే కొట్టడం, చెప్పమంటే చెప్పడం తప్ప నాకింకేం రాదా అనిపించింది. అక్కడ తాడు ఉంది నాన్నా. దాటకూడదని నాలుగు భాషల్లో రాసి ఉంది. చదివే దాటాను.

ఇంకోటి కూడా చెప్పేస్తున్నాను. చిన్నప్పుడు క్వారీలో రెండు మూడుసార్లు ఎండకు ఆగలేక, సరిగా వినకుండానే మోగిందని చెప్పాను. ఏ రాళ్ళో గుర్తు లేదు. అవి దేవుళ్ళయి ఎక్కడ నిలబడ్డాయో తెలియదు.

నీ కాగితం ఇస్తే శుక్రవారానికి బయటపడతానని లాయర్ అంటున్నాడు. ఇవ్వకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. నేను ఇవ్వను. నువ్వు ఇవ్వమని కూడా చెప్పకు.

దేదీప్య

*

అల్ఫారెట్టా
3 జూన్

అమ్మా,

ఈసారి నీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. ఉషమ్మ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది, నేను గట్టిగా మాట్లాడకపోతే వాళ్ళకు భయం.

అంత కాలం ఎండకూ వానకూ నానిన సున్నపురాయి కంచులా మోగిందంటే నాకు అనుమానం రావద్దా? వచ్చింది. ఆ రోజే వచ్చింది. ఇంత సంతోషంగా ఉన్న వేళ ఇప్పుడెందుకులే అని పక్కకు తోసేశాను. దాని మీదే నిలబడి సంతకం కూడా చేశాను. నువ్వు ఒక్క మాట తప్పు రాశావు, నేను దాని మీద గోపురం కట్టాను.

ఇక క్వారీ రాళ్ళ సంగతి. నువ్వు నిజం చెప్పావు కాబట్టి నేనూ చెప్తాను. చెవి పోయినా చెయ్యి పోలేదు కదా. సుత్తి దెబ్బ అరచేతిలో అదిరే తీరును బట్టి రాయి ఎలాంటిదో నాకు తెలిసేది. నువ్వు చెప్పకముందే తెలిసేది. నువ్వు తప్పు చెప్పినప్పుడూ తెలిసింది, "ఇంకోటి చూద్దాం పదమ్మా" అని ఆ రాయి వదిలేశాను. ఏ దేవుడూ తప్పు రాతిలో లేడు, నువ్వు నిద్రపో. మరి ఎందుకు అడిగేవాణ్ణంటావా? నువ్వు పక్కన నిలబడతావని. బడి సెలవులన్నీ నిన్ను ఎండలో నిలబెట్టాను. నీకు ఆడుకోవాలని ఉండేదేమో, ఒక్కసారీ అడగలేదు. సెజెస్టా రాతి మీద నా అరచెయ్యి లేదు. నీ చెవి నిజంగా అవసరమైంది ఈ ఒక్కసారే. చూశావా మన అదృష్టం!

మొదటి కాగితం చింపెయ్. ఇది రెండోది. ఇందులో ముఖ్యమైనవి మూడే మాటలు. సుత్తి నాది, నేనే దాచి పెట్టాను, తట్టమన్నది నేనే. పెచ్చు మూడు వంతులు పాత పగులు, బియ్యపు గింజంత మేర నా కూతురి దెబ్బ. అది కుండలా పలికిందంటే ఆ పెచ్చు చుట్టూ ఇంకా బోలు ఉండి ఉంటుంది, చూసి బాగుచేసుకోకపోతే రేపు ఇంకో పెచ్చు దానంతటదే రాలుతుంది. ఎక్కడ కొట్టావో వాళ్ళకు సరిగ్గా చూపించు.

దీనివల్ల నీకు మంచి జరుగుతుందో చెడు జరుగుతుందో నాకు తెలియదు. ఇస్తావో ఇవ్వవో నీ ఇష్టం. నేను ఏమీ చెప్పను.

నాన్న

*

సిసిలీ
7 జూన్

నాన్నకు,

ఇచ్చాను. లాయర్ తల పట్టుకున్నాడు. "నేరం ఒప్పుకున్న కాగితాన్ని ఇంత సంతోషంగా రాసిన మనిషిని ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు. నువ్వు చివర్లో స్తంభాల పనితనాన్ని మెచ్చుకుంటూ అర పేజీ రాశావు, కృష్ణమోహన్ అంకుల్ అదీ వదలకుండా మార్చారు.

విచారణలో పురావస్తు శాఖ ఇంజనీరు ఒకావిడ ఉంది. నీకంటే పదేళ్ళు చిన్నదేమో. ముందు నా వైపు చూడనే లేదు. నీ కాగితం చదివి, బోలు అన్న మాట దగ్గర ఆగింది. మధ్యాహ్నం మమ్మల్నందర్నీ కొండెక్కించింది. చెక్క సుత్తి తీసి, స్తంభం మీద వేలెడు దూరానికోసారి తడుతూ, కళ్ళు మూసుకుని వింది. పెచ్చు ఊడిన చోటు పైన జానెడు మేర టక్కుమంది. సుద్దతో చుట్టూ గీత గీసింది. అక్కడ బోలు ఉన్నట్టు వాళ్ళ లెక్కల్లో లేదట. నేను దొంగిలించడానికి రాలేదని అప్పుడు నమ్మారు. రాయికి దెబ్బ తగిలిన మాట మాత్రం నిజమని జరిమానా వేశారు, సుత్తి ఉంచేసుకున్నారు. ఆ గుడి దగ్గరికి నేను మళ్ళీ వెళ్ళకూడదు. పాస్‌పోర్ట్ సోమవారం ఇస్తారు. పన్నెండో తేదీన అట్లాంటాలో దిగుతాను. ఉద్యోగం ఉంటుందని మేనేజర్ మెసేజ్ పెట్టాడు.

దిగి వచ్చేటప్పుడు ఆవిడ ఆ చెక్క సుత్తి నా చేతికి ఇవ్వబోయింది. "మీ నాన్నగారికి నేనే విని చెప్పేదాన్నని విచారణలో అన్నావు కదా, ఒకసారి విను" అంది. అందరూ చూస్తున్నారు. ఇంకెప్పుడూ ఆ అవకాశం రాదు. నేను వద్దన్నాను.

దేదీప్య

*

అల్ఫారెట్టా
8 జూన్

నా తల్లి దేదీప్యకు,

వద్దన్నావు! కృష్ణమోహన్ గారింటికి పరిగెత్తి ఆ వాక్యం చదివాను. ఆయన "పాస్‌పోర్ట్ వచ్చిందని చెప్పకుండా ఇదేంటండీ" అన్నాడు. అదీ చెప్పాను, తరవాత చెప్పాను.

ఆ స్తంభం ఎలా మోగుతుందో నాకు అక్కర్లేదు. నువ్వు దిగాక గుడి గురించి ఒక్క మాట కూడా అడగను, చెప్తే వింటాను, చెప్పకపోతే ఉప్మా తిందాం. బుధవారం ఎయిర్‌పోర్ట్‌కి కృష్ణమోహన్ గారి కార్‌లో వస్తున్నాను. ముందు సీటు నీకు వదిలి వెనక కూర్చుంటాను. దారంతా నువ్వు కిటికీలోంచి చూసుకుంటూ రా, మాట్లాడకపోయినా ఏమీ అనుకోను.

నీ నాన్న
పరంధామయ్య